ఎడమ నుంచి మూడో నందివర్ధనం

మా పెద్దమ్మ గత నెలలో ఒక మంగళవారం ఉదయం, కొత్తగూడలోని మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చున్న తర్వాత కన్నుమూసిందని పాఠకులకు తెలియజేయడానికి విచారిస్తున్నాను.

ఆ అపార్ట్‌మెంటు సంఘానికి నేను కార్యదర్శిని. నివాసితులలో ఎవరైనా మరణిస్తే లిఫ్టులో నోటీసు అంటించడం కార్యదర్శి విధి. మా సంఘం దగ్గర నోటీసు నమూనా ఒక్కటే ఉంది. నీళ్ళ ట్యాంకు శుభ్రం చేసే సందర్భం కోసం ఎవరో తయారు చేసిన ఆ నమూనాలో విషయం మార్చి అన్నిటికీ వాడుకుంటూ వస్తున్నాం. ఆ ఉదయం కూడా విషయం మార్చాను. చివరి వాక్యం మార్చడం మరిచాను. పెద్దమ్మ మరణవార్త కింద "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము, సహకరించగలరు" అన్న మాటలు సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నాలుగో అంతస్తు పెద్దాయన ఒకరు లిఫ్టులో నా చెయ్యి పట్టుకుని, బాగా రాశారని మెచ్చుకున్నారు.

ఆ నమూనాలో సంబంధిత నివాసి హోదాకు ఒక గడి ఉంది. యజమాని, అద్దెదారు, ఇతరులు అన్న మూడింటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. ఫ్లాటు ఆమె పేరునే ఉంది. కనుక యజమాని అని పెట్టడం సరైన పద్ధతి. నేను 'ఇతరులు' దగ్గర పెట్టాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ నాకు స్పష్టత లేదు. బహుశా నాకు కావలసిన గడి అందులో లేకపోవడం వల్ల కావచ్చు.

ఆమె మా అమ్మకు సొంత అక్క. అమ్మ పోయేనాటికి నాకు మూడేళ్ళు. పెద్దమ్మ నన్ను పుప్పాలగూడలోని తన ఇంటికి తీసుకుపోయి, తన కూతురితో పాటు పెంచింది. అమ్మ గొంతు నాకు గుర్తు లేదు. ఆమె ఉన్న ఫోటో ఒకే ఒక్కటి ఉంది. ఎవరిదో పెళ్ళిలో తీసిన గుంపు ఫోటో. రెండో వరసలో అమ్మ నిలబడి ఉంటుంది. ముందున్న ఆసామి తలపాగా ఆమె ముఖంలో సగం కమ్మేసింది. ఆ ఆసామి ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు.

పుప్పాలగూడ ఇంటి పెరట్లో ఒక పాత నందివర్ధనం చెట్టు ఉండేది. మా ఇంట్లో ఎవరు పోయినా, పదకొండో రోజున పెద్దమ్మ ఆ చెట్టు నుంచి ఒక కొమ్మ కోసి, ప్రహరీ గోడ వెంట నాటేది. ఆ కొమ్మకు పోయిన మనిషి పేరే. ఇది వేరే ఇళ్ళల్లో చూసిన ఆచారం కాదు. ఆమె అత్తగారు పోయినప్పుడు మొదలైందని చెప్పేవారు. నాకు బుద్ధి తెలిసేనాటికే గోడ వెంట వరస ఒకటి మొదలైంది, తర్వాత పెరుగుతూ పోయింది. పెద్దమ్మ అత్త, తాత, మా అమ్మ, పెద్దనాయిన, అమ్మమ్మ, మేనమామ. మొత్తం ఆరు చెట్లు, ఆరూ ఒకే తీరు తెల్ల పూలు. ఊరు చుట్టూ గాజు భవనాలు లేచి, ఇంటి స్థలం బిల్డరు చేతికి పోయినప్పుడు, పెద్దమ్మ ఒక్కొక్క చెట్టు నుంచి ఒక్కొక్క కొమ్మ తీసి, ఆరు ఖాళీ పెయింటు డబ్బాలలో నాటి, మా అపార్ట్‌మెంటుకు వచ్చింది. నాది అయిదో అంతస్తు, ఆమెది మూడు. పాత చెట్టు ఉన్న చోట ఇప్పుడు కార్లు పెట్టుకునే స్థలం ఉంది.

ఆమె సంభాషణ కొత్తవాళ్ళకు కొంత ఆందోళన కలిగించేదని ఒప్పుకోవాలి.

"మీ తాతకు పేను వట్టిందిరా, జర వేపనూనె కొట్టు" అని ఫోను చేసేది. నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పరిపాలన విభాగంలో పని చేస్తాను. స్పీకరు ఆన్‌లో ఉన్న ఫోను వల్ల మా తాతగారి ఈ పరిస్థితి ఒకసారి సమావేశంలో ఉన్న పద్నాలుగు మందికి తెలిసింది.

మరోసారి రెండో అంతస్తులో కొత్తగా దిగిన ఒక యువకుడు సంఘానికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. లిఫ్టులో ఒక వృద్ధురాలు కత్తెర పట్టుకుని నిలబడి, "పొద్దుగాల అత్త తల నరికిన, ఇగ మంచిగ చిగురేస్తది" అని తనతో నవ్వుతూ చెప్పిందని అందులో ఉంది. ఆ ఫిర్యాదును విచారించి, కొమ్మల కత్తిరింపుగా నిర్ధారించి, మూసివేశాను. ఫైలు ఇంకా ఉంది.

పూల వినియోగంలో ఆమెకు కచ్చితమైన నియమాలు ఉండేవి. ఉదయం మొదట కోసేవి అత్త పూలు. అవి దేవుడికి. "ముందుగాల నాయి ఎందుకు వెట్టలేదని అడుగుతది. బతికున్నప్పుడు గూడ గంతే" అనేది. పెద్దనాయిన బతికి ఉన్నన్ని రోజులు గుడి మెట్టు ఎక్కలేదు. కనుక ఆయన పూలు దేవుడికి పెట్టేది కాదు. "ఆయనకు ఇష్టం లేని పని ఇప్పుడెందుకు జేపిచ్చుడు?" అని గిన్నెలో నీళ్ళు పోసి, అందులో వేసి, టీవీ పక్కన పెట్టేది. తాత, అమ్మమ్మ, మేనమామల పూలు ఎదురు ఫ్లాటులోని మేడంగారి పూజకు వెళ్ళేవి. ఆ మేడం కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డవారు, ప్రభుత్వ కార్యాలయంలో పని చేసి రిటైరయ్యారు. మా అమ్మ పూలలో ఒకటి నా చొక్కా జేబులోకి వచ్చేది. ఆఫీసుకు వెళ్ళే ముందు నేను మూడో అంతస్తులో ఆగి చాయ్ తాగాలి, పెద్దమ్మ పువ్వు జేబులో వెయ్యాలి. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు బ్యాగు తెరిచి చూసేవారు గానీ జేబు జోలికి ఎప్పుడూ రాలేదు.

నీళ్ళు పోసేటప్పుడు ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఎందుకని ఒకసారి అడిగాను. "నీళ్ళు వోసేటప్పుడు ఆ మనిషి యాదిల ఉండాలె. లేకుంటె అది డబ్బా కడుగుడే అయితది" అన్నది.

ఇప్పుడు ఒక ఒప్పుకోలు. రెండేళ్ళ క్రితం మా భవనానికి రంగులు వేసే కార్యక్రమం జరిగింది. బాల్కనీలలోని కుండీలన్నిటినీ మూడు రోజుల్లో సెల్లారుకు తరలించాలని సర్క్యులర్ జారీ అయింది. జారీ చేసింది నేనే.

"గిదేంది రా, ఆళ్ళేం జేసిన్రు?" అని పెద్దమ్మ అడిగింది.

"రూలు పెద్దమ్మా. అందరికీ ఒక్కటే."

"పెయింటు ఏస్తే మీద రెండు చుక్కలు వడతయ్. వడనియ్. డబ్బా గూడ పెయింటుదేనాయె."

"నేనే సెక్రటరీని. నా ఇంట్ల కుండీలే తియ్యకుంటే ఎట్ల?"

నేను మార్కరు పెన్నుతో ఆరు డబ్బాల మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేసి, రిజిస్టరులో అంకె ఎదురుగా మనిషిని రాసి, తరలింపు పూర్తి చేశాను. ఏర్పాటులో లోపం లేదని నా నమ్మకం. మూడు వారాల తర్వాత వెళ్ళి చూస్తే డబ్బాలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. రంగులు వేసినవాళ్ళు మంచి మనుషులు. కుండీల మీద పడ్డ చుక్కలన్నీ థిన్నరు గుడ్డతో శ్రద్ధగా తుడిచారు. చుక్కలతో పాటు అంకెలు కూడా పోయాయి. నీళ్ళు పోయడానికి వీలుగా డబ్బాలను అటూ ఇటూ జరిపారు కూడా.

పెద్దమ్మను కిందికి పిలిచాను. ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని ఆరు డబ్బాల ముందు నిలబడింది. నేను పక్కన రిజిస్టరు తెరిచి పట్టుకుని నిలబడ్డాను. కొంతసేపు నా వైపు చూసింది. తర్వాత తడుముకోకుండా వరసగా చెప్పుకుంటూ పోయింది. "గిది అత్త. గిది మీ తాత. గిది మీ అమ్మ..." నేను టిక్కులు పెట్టుకున్నాను. ఆ క్రమంలోనే డబ్బాలు పైకి వెళ్ళాయి. బాల్కనీలో ఎడమ నుంచి మూడోది మా అమ్మ.

మొక్కలతో మాట్లాడే అలవాటు నాకు లేదు. ఆ మూడో డబ్బా ముందు నిలబడి, చాయ్ చల్లారేలోగా, అవసరమైన సమాచారం మాత్రం సమర్పించేవాణ్ణి. మోకాలి నొప్పి గురించి. మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిన సంగతి. బ్యాగులో టిఫిన్ డబ్బా మూత ఊడిన సంగతి కూడా. ఇవి ఎక్కడో ఒకచోట నివేదించవలసిన విషయాలని నాకనిపించేది. నాకు తల్లి అనే విభాగంలో ఉన్న స్థిరమైన చిరునామా అదొక్కటే. ఈ మాట రాయడానికి నేను కొంత ఇబ్బంది పడుతున్నాను.

పెద్దమ్మ పదకొండో రోజు కార్యక్రమానికి ముందు, ఆమె ఫ్లాటు ఖాళీ చేయాలని, ఆరు నందివర్ధనాలను ఎవరి మనిషిని వాళ్ళు తీసుకువెళ్ళాలని కుటుంబం నిర్ణయించింది. పంపకం సజావుగా జరగడం కోసం నేను ఒక కార్యక్రమ పత్రం తయారు చేశాను. పదకొండో రోజు ఉదయం పది గంటలకు బాల్కనీలో సమావేశం. ఆ పత్రం ఇవ్వడానికి ఆ రోజు పొద్దున్నే ఎదురు ఫ్లాటు మేడంగారి తలుపు తట్టాను. ఇన్నేళ్ళూ ఆ పూలు అందుకున్నవారు కాబట్టి ఆహ్వానించడం ధర్మం. ఆమె పత్రం చదివి, నన్ను లోపలికి పిలిచి, తలుపు వేశారు.

"సెక్రటరీగారూ, ఒక మాట ఉందండి. చెప్పకపోతే నాకు మనశ్శాంతి ఉండదు, చెబితే మీకు ఉండదు. ఏం చెయ్యమంటారు?"

"చెప్పండి మేడం."

"ఆ రోజు సెల్లార్లోంచి పైకొచ్చి, ఆవిడ తిన్నగా మా ఇంటికొచ్చారండి. ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చున్నారు. మంచినీళ్ళిచ్చాను. తాగలేదు. 'ఒక్కటి గూడ గుర్తువట్టలే' అన్నారు."

"గుర్తుపట్టింది మేడం. నా ముందే వరసగా చెప్పింది. నా దగ్గర రిజిస్టరు ఉంది."

"ఆ రిజిస్టరేనండి." మేడం ఆగి, పెద్దమ్మ యాసను ఎంతో జాగ్రత్తగా, కొంచెం తప్పుగా పలికారు. "'వాడు బుక్కు వట్టుకొని నా మొఖమే జూస్తుండు. చిన్నప్పుడు అమ్మేదని అడిగిన మొఖమే అది. నాకు తెల్వదని ఎట్ల అనాలె?' అన్నారండి. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు. ఆవిడ పోయాక ఒట్టు ఉంటుందో ఉండదో నాకు తెలియలేదు."

"మరి తర్వాత ఎవరు ఎవరో..."

"తర్వాత ఏముందండీ. ఎవరొస్తే వాళ్ళకి ఆ పూట పూసినదాన్ని చూపించేవారు. మొన్నామధ్య మీ అక్కగారొచ్చినప్పుడు మూడోదొక్కటే పూసింది. 'మీ నాయిన పూసిండు సూడు' అన్నారు. పాపం ఆ పిల్ల ఏడ్చేసింది."

అక్క అంటే పెద్దమ్మ కూతురు. సిద్దిపేటలో ఉంటుంది. ఆ పిల్లకు యాభై రెండేళ్ళు.

నేను మూడో అంతస్తు వరండాలోకి వచ్చాను. విషయాన్ని క్రమపద్ధతిలో పరిశీలించడానికి ప్రయత్నించాను. రెండేళ్ళుగా దేవుడికి ఎవరి పూలు అందాయో తెలియదు. గుడి మెట్టు ఎక్కని పెద్దనాయిన రోజూ ఉదయం పూజ అందుకుని ఉండవచ్చు. పెద్దమ్మ అత్తగారు టీవీ పక్కన గిన్నెలో కూర్చుని సీరియళ్ళు చూసి ఉండవచ్చు. నా మోకాలి నొప్పి సంగతి మా మేనమామకు నివేదించి ఉండవచ్చు. ఆయన నాతో సరిగా మాట్లాడిన మనిషి కాదు. ఇంతవరకూ నవ్వు వచ్చింది. తర్వాత రాలేదు. అమ్మను మొదటిసారి పోగొట్టుకున్నప్పుడు నాకు మూడేళ్ళు, నా బాధ్యత ఏమీ లేదు. రెండోసారి నేనే సంతకం చేసిన సర్క్యులర్‌తో పోగొట్టుకున్నాను.

పెద్దమ్మ మీద కోపం తెచ్చుకోవాలా అన్నది కూడా ఆలోచించాను. అబద్ధం చెప్పింది. నా ముఖం చూసి చెప్పింది. ఈ రెండు వాక్యాలలో దేన్ని ముందు రాయాలో తేలలేదు.

సమావేశానికి ఇంకా గంట ఉండగా బాల్కనీలోకి వెళ్ళి తనిఖీ చేపట్టాను. అమ్మ ఫోటో జేబులో ఉంది. దాన్ని తీసి ఒక్కొక్క డబ్బా ముందు పట్టుకుని చూశాను. దీనివల్ల ఏం తేలుతుందని అనుకున్నానో వివరించలేను. డబ్బాలు కిందికి దించడానికి రమ్మన్న మా అపార్ట్‌మెంటు తోటమాలి వచ్చాడు. ఆయన నా వయసువాడే, పుప్పాలగూడ మనిషే.

"ఏం జూస్తున్నరు సార్?"

"ఇందులో ఏది ఏదో ఎట్ల తెలుస్తది?"

"ఏది ఏదంటే? అన్ని మీ ఇంటి పాత చెట్టు కొమ్మలే గద సార్. కొమ్మ నాటితే ఆ చెట్టే మళ్ళ మొలుస్తది. ఆరు డబ్బాలున్నయ్ గని ఉన్నది ఒక్కటే చెట్టు."

శాస్త్రీయంగా ఇది సరైన సమాధానమే. ఇది నాకు ఓదార్పు కలిగించిందా అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే జవాబు ఇవ్వడానికి కొంత వ్యవధి కోరేవాణ్ణి.

పది గంటలకు అందరూ బాల్కనీలో చేరారు. మొదటి రెండు డబ్బాలు ఏ వివాదమూ లేకుండా బంధువులకు వెళ్ళాయి. మూడోదాని దగ్గర అక్క ముందుకు వచ్చి, డబ్బా అంచు మీద చెయ్యి వేసింది. పదకొండు రోజుల ఏడుపుతో ఆమె కళ్ళు వాచి ఉన్నాయి.

"తమ్ముడూ, ఇది నాయినది. నేను తీస్కపోత."

మా అమ్మాయి నా వైపు చూసింది. మూడోది ఎవరిదో నేను రోజూ చెప్పగా విన్న మనిషి ఆమె. మేడంగారు నేల వైపు చూశారు.

"ఏందిరా, మాట్లాడవు? నాయినదేనా కాదా? నీ బుక్కుల ఏమున్నదో సూడు."

చూశాను. మూడు అంకె ఎదురుగా, నా చేతివ్రాతలో, 'అమ్మ' అని ఉంది. దాని పక్కన టిక్కు ఉంది. ఆ టిక్కు పెట్టినప్పుడు పెన్ను కాస్త గట్టిగా నొక్కినట్టుంది, కాగితం వెనక్కి పొంగింది. నేను తల ఎత్తాను. అక్క నా ముఖంలోకి చూస్తోంది. సెల్లారులో ఆ రోజు పెద్దమ్మకు నా ముఖం ఎలా కనిపించి ఉంటుందో నాకు అప్పుడు కనిపించింది.

"అవునక్కా" అన్నాను. "మూడోది పెద్దనాయినదే. రాసి ఉంది."

"నాకెర్క" అన్నది అక్క. "అమ్మే జెప్పింది."

కార్యదర్శిగా నా పదవీకాలంలో, రాసి ఉన్నదానికీ చదివి వినిపించినదానికీ తేడా వచ్చిన సందర్భం ఇదొక్కటేనని మనవి చేసుకుంటున్నాను. మిగిలిన పంపకం త్వరగా ముగిసింది. నా వంతుగా చివరి డబ్బా మిగిలింది. అందులో ఎవరున్నారో నేను అడగలేదు, అడగడానికి ఎవరూ లేరు.

ఆ తర్వాత అక్క లోపలికి వెళ్ళి, పూలు కోసే కత్తెర తెచ్చింది. పదకొండో రోజు పని ఇంకా మిగిలే ఉందని నేను మరిచాను. పెద్దమ్మకు కొమ్మ నాటాలి. పాత చెట్టు లేదు. దేని నుంచి కోయాలన్న ప్రశ్న నా పత్రంలో లేదు. అక్క నన్ను అడగకుండానే మూడో డబ్బా ముందు కూర్చుని, ముదురు కొమ్మలు రెండు చూసి, ఏటవాలుగా కోసింది. ఆకులు దూసింది. పాలు కారుతున్న చివర్లను కొంగుతో అద్దింది.

"ఒకటి నాకు, ఒకటి నీకు" అన్నది. "నువ్వు గూడ ఆమె కొడుకువే గదరా."

"నాయిన కొమ్మ అమ్మ పేరు మీద నాటొచ్చా అక్కా?"

"జిందగీ మొత్తం ఆయనను ఈమెనే మోసింది. ఇప్పుడు ఆయన మోయనియ్."

చాలా రోజుల తర్వాత అందరం నవ్వాము. అక్క కారు వెనక సీట్లో మూడో డబ్బా పెట్టుకుని, పడిపోకుండా చేత్తో పట్టుకుని కూర్చుంది. తలుపు అద్దం సగమే పైకి వచ్చింది, కొమ్మ ఒకటి అడ్డం పడింది. కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ ఆగి ఉంది. గేటు దగ్గర నిలబడి ఎవరిని సాగనంపుతున్నానో తెలియకుండానే, కారు కనబడినంతసేపు చెయ్యి ఎత్తి ఉంచాను.

నా వాటా కొమ్మను మా బాల్కనీలో కొత్త డబ్బాలో నాటాను. తేమ నిలవడానికి పైన పలచని ప్లాస్టిక్ కవరు బోర్లించి, అడుగున దారం కట్టమని తోటమాలి చెప్పాడు. అలాగే చేశాను. అది అమ్మ కొమ్మ కావచ్చు. పేరు మాత్రం పెద్దమ్మది. మా అమ్మాయి ఆ డబ్బాకు నీళ్ళు పోసే పని తనదని ప్రకటించింది. పోసేటప్పుడు ఎవరిని తలుచుకుంటున్నావని అడిగితే, "మీరు చెప్పండి నాన్నా" అన్నది. ఆ అంశం ఇంకా పరిశీలనలో ఉంది.

ఈ ఉదయం ఆఫీసుకు బయలుదేరుతూ, చాయ్ గ్లాసుతో ఆ డబ్బా ముందు ఆగాను. కవరు లోపలి వైపంతా ఆవిరి పట్టి ఉంది. వంగి చూశాను. లోపల ఎవరున్నారో కనిపించలేదు.